అత్తమ్మ ప్రార్థనలో నా వంతు

మా అత్తమ్మ దేవమ్మ నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. ఈ మాట చెబితే మిర్యాలగూడలో మా అమ్మవాళ్ళు నా అదృష్టానికి మురిసిపోతారు. వాళ్ళకేం తెలుసు. నాతో చెప్పాల్సినవన్నీ ఆవిడ దేవుడితో చెప్పేది. అదీ మనసులో కాదు. కళ్ళు మూసుకుని, కొంగు తల మీదికి లాక్కుని, వీధి చివర కిరాణా కొట్టు దాకా వినిపించే గొంతుతో.

పెళ్ళై కోదాడ వచ్చిన మొదటి వారంలోనే నాకు ఆ రుచి తెలిసింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి అత్తమ్మ, మా ఆయన జీవన్, నేను చాప మీద మోకరించాం. అత్తమ్మ మొదలుపెట్టింది.

"నాయనా ప్రభువా, ఇయ్యాల మా కోడలు చారు పెట్టింది. మంచిదే. గని చింతపండు ఎంత పిసికిందో నువ్వే సూసినవ్. నా పండ్లు ఇంకా జివ్వుమంటనే ఉన్నయ్. చిన్నపిల్ల తండ్రీ, దానికి తెల్వదు. నువ్వే దానికి బుద్ధి నేర్పు."

"ఆమెన్," అన్నాడు మా ఆయన.

నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని భక్తిగా ఉన్నాడు. తర్వాత వంటింట్లో నిలదీశాను.

"నాకు బుద్ధి నేర్పుమంటే ఆమెన్ అంటవా?"

"అలవాటు సుధా. అమ్మ ఎక్కడ ఆగితే అక్కడ ఆమెన్ అంట. ఏం చెప్పిందో నేను ఇనలే."

ఆ మాట నిజమే అయ్యుంటుంది. చిన్నప్పటి నుంచి వింటున్నవాడు కదా, ఇక వినడం మానేశాడు. నాకే ఆ సౌకర్యం లేదు. అత్తమ్మ దగ్గరికి వెళ్ళి, చారు పుల్లగా ఉంటే నాకే చెప్పొచ్చు కదా అని మర్యాదగానే అడిగాను. ఆవిడ నా వంక ఆశ్చర్యంగా చూసింది.

"నేను నీకు సెప్పిన్నా బిడ్డా? దేవునికి సెప్పుకున్న."

ప్రార్థనలో ఉన్న మనిషిని మధ్యలో ఆపకూడదు. ప్రార్థన అయ్యాక ఆ మాటలు తీసి తగువు పెట్టుకోకూడదు. దేవుడి దగ్గర పెట్టిన ఫిర్యాదుకి నేనెవర్ని సంజాయిషీ ఇచ్చుకోవడానికి? అలా తొమ్మిదేళ్ళు నా మీద వచ్చిన ప్రతి ఆరోపణకీ నేను మోకాళ్ళ మీద, చేతులు జోడించుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ గొంతు ఎక్కడిదంటే కోదాడ పక్కనున్న వాళ్ళ ఊరు చిలుకూరు పొలాలది. అత్తమ్మ అక్కడ నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. ఈ గట్టు మీద నిలబడి అరిస్తే ఆ గట్టు మీద నారు కట్టలు మోసేవాళ్ళకి వినపడాలి. మామయ్య జంగయ్య, పిల్లలిద్దరూ చిన్నగా ఉండగానే పోయాడు. సాగర్ కాలువ నీళ్ళు చివరి భూములకి అందని ఏళ్ళలో పనీ ఉండేది కాదు, తిండీ ఉండేది కాదు. ఆవిడకి అక్షరం రాదు. బైబిలు ఎవరైనా చదివితే వింటుంది. మాట్లాడటం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు కాబట్టి, వంగి నాట్లు వేస్తూనే దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టింది.

"పక్కనున్న మనిషితోటి మాట్లాడితే సెయ్యి ఆగుతది. దేవునితోటైతే ఆగదు," అని ఒకసారి నాకు వివరించింది. తర్వాత పొలం పనీ పోయింది, వంగే నడుమూ పోయింది, ఆ మాటలు మాత్రం కొడుకుతోపాటు కోదాడ వచ్చేశాయి.

ఆ ప్రార్థనకి ఒక దారి ఉండేది. పొయ్యి దగ్గర మొదలవుతుంది. ఏం వండారు, ఎలా ఉంది, గ్యాస్ ఎన్నాళ్ళు వస్తుంది. అక్కడి నుంచి కిటికీలోంచి బయటపడి వానకీ, కాలువకీ, చిలుకూరులో నాట్లకీ వెళుతుంది. అటు నుంచి గోడవతల పిచ్చమ్మ మోకాలి నొప్పి. ఆ తర్వాత సూర్యాపేటలో ఉన్న కూతురు కవిత. కవిత అయ్యాక ఒక పెద్ద ఊపిరి తీసుకుని "ఇగ మా కోడలు" అంటుంది. ఈ దారి నాకు కంఠతా వచ్చేసింది. భక్తితో కాదు. నా వంతు ఎప్పుడొస్తుందా అని పళ్ళు కొరుక్కుంటూ విన్నందుకు.

పిచ్చమ్మకి మా ఇంటి వార్తలన్నీ ఆ ప్రార్థనలోంచే అందేవి. వాళ్ళు చర్చికి వచ్చేవాళ్ళు కూడా కాదు. అయినా పొద్దున్నే గోడ మీద చేతులానించి, "మీ చెల్లె పెండ్లికి పట్టుచీర కొనుక్కున్నవంట గద సుధా, ఆకుపచ్చదంట," అనేది. చీర ఇంకా నేను సంచిలోంచి తీయనైనా లేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ విసిగించింది మాత్రం ఆ చివరి మాట. తన ప్రార్థన అయ్యాక అత్తమ్మ నా మోకాలి మీద తట్టి, "ఇగ నువ్వు సెయ్," అనేది. నేను చిన్నప్పుడు బట్టీ పట్టిన పరలోక ప్రార్థన గబగబా చెప్పేసి లేచేదాన్ని. మా పుట్టింట్లో అంతే. ఆదివారం చర్చికి వెళ్ళడం, పుస్తకంలో ఉన్నది చదవడం, ఇంటికి రావడం. దేవుడు మాకు బడిలో హెడ్మాస్టరు లాంటివాడు. గౌరవం బోలెడు, మాటలు లేవు. బళ్ళో పాఠాలు చెప్పే నాకు అదే పద్ధతిగా అనిపించేది. కానీ మర్నాడు ప్రార్థనలో అది కూడా వచ్చేసింది.

"ప్రభువా, మా కోడలు నీకు పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పి లేస్తది. నీతోటి ఒక్క ముక్క సొంతంగ మాట్లాడదు. నీ మీద దానికి ఏం కోపమో నాకైతే తెల్వదు. నువ్వే అడుగు."

"ఆమెన్," అన్నాడు మా ఆయన.

ఆ రోజు నేను ఉండబట్టలేక అడిగేశాను. "అత్తమ్మా, దేవునికి అన్నీ తెలుసంటరు కదా. మళ్ళీ చింతపండు సంగతి, గ్యాస్ సంగతి ఆయనకు చెప్పుడెందుకు?"

ఆవిడ ఆలోచించలేదు కూడా. "కవితకు జరమొచ్చిందని నాకు పక్కింటోళ్ళు సెప్తే నాకెట్లుంటది? తెలుసుడు తెలుస్తది. గని కవిత సెప్పాలె గద."

మా చర్చి పాస్టరు పాపయ్య గారికి కూడా మొరపెట్టుకున్నాను. ఆయన నవ్వి, "మీ అత్తమ్మకి ప్రభువు దగ్గర చనువు ఎక్కువమ్మా. నువ్వు కూడా అలవాటు చేసుకో," అన్నాడు. ఆయన ఇంట్లో లేదు కదా ఆ చనువు.

ఈ ఏడు కాలువకి నీళ్ళు వదిలిన వారంలో అత్తమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. లేపేసరికి కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. నోరు ఒక పక్కకి పోయింది. సూర్యాపేట పెద్ద దవాఖానకి తీసుకెళ్ళాం. పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది, మాట పోయింది.

పూర్తిగా పోలేదు. ఒక్క మాట మిగిలింది. డాక్టరమ్మ "పేరేంటమ్మా?" అని అడిగితే "ఆమెన్" అంది. "నొప్పుందా?" అంటే "ఆమెన్". నర్సు సూది పొడిస్తే కూడా "ఆమెన్". జన్మంతా పలికిన మాట ఒకటో రెండో ఇలా మిగిలిపోవడం ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. జీవన్ వరండాలోకి వెళ్ళి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. అంత మాటకారి మనిషికి చేతిలో ఒక్క మాట పెట్టి పంపడమేమిటని ఒళ్ళు మండింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ముక్కులో వేసిన గొట్టం తీసి, మింగగలుగుతోందని చూసుకుని ఇంటికి పంపారు. పంపేముందు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "మాట్లాడించండి, బలంగా తినిపించండి. తింటేనే లేస్తుంది. తినకపోతే మళ్ళీ గొట్టమే. ఈ వయసులో, ఈ ఒంట్లో, రెండోసారి గొట్టం పడితే లేవడం కష్టం."

ఇంటికి రాగానే అత్తమ్మ నోరు మూసుకుంది. జావ పెడితే పెదాలు బిగిస్తుంది. పళ్ళరసం పెడితే తల అటు తిప్పుతుంది. మాత్ర కోసం రెండు గుక్కల నీళ్ళు తాగుతుంది, అంతే. కవిత వచ్చి రెండు రోజులుండి, బతిమాలి, ఏడ్చి, పిల్లల పరీక్షలని వెళ్ళిపోయింది. పాస్టరు గారు వచ్చి చాలాసేపు చక్కగా ప్రార్థన చేశారు. అత్తమ్మ చివరిదాకా శ్రద్ధగా విని "ఆమెన్" అంది. హమ్మయ్య అనుకుని స్పూను పట్టుకొచ్చాను. మళ్ళీ బిగించేసింది.

చూడవచ్చిన బంధువులు మంచం చుట్టూ కూర్చుని తలా ఒక కారణం చెప్పారు. చిలుకూరు మీద బెంగ అన్నారొకరు. పోయే ముందు ఇలాగే చేస్తారని నా ఎదురుగానే అన్నారింకొకరు. నాకు జాలి కన్నా కోపమే ఎక్కువగా ఉంది. బడికి సెలవు పెట్టి, నిద్ర మాని, జావ కాచి కాచి నా చేతులు పోతుంటే, ఈవిడ చిన్నపిల్లలా మూతి ముడుచుకోవడమేమిటి? మనిషి మాత్రం కళ్ళముందే మంచానికి అతుక్కుపోతోంది. ఇంకో రెండు రోజులు చూసి, తినకపోతే తీసుకురమ్మని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. తీసుకెళితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం జీవన్ భోజనానికి ఇంటికి వచ్చాడు. హైవే మీద ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని ఆయనది. లారీలు కాచుకుని ఉంటాయి కాబట్టి ఆయన ప్రార్థన కూడా లారీ హారన్ లాగే ఉంటుంది. "ప్రభువా, అమ్మను ముట్టు, బాగుచెయ్యి, ఆమెన్," అనేసి స్పూను అందుకున్నాడు.

అత్తమ్మ ఎడమ చేత్తో మంచం పట్టె మీద దబదబా కొట్టింది.

"ఏందమ్మా? నీళ్ళా?"

తల అడ్డంగా ఊపింది. వంటింటి వైపు చూపించింది. జీవన్ లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చాడు, మజ్జిగ తెచ్చాడు, చివరికి ఊరగాయ జాడీ కూడా పట్టుకొచ్చాడు. ఆవిడ విసుగ్గా కళ్ళు మూసి, మళ్ళీ వంటింటి వైపు చూపించి, వెంటనే వేలు కిటికీ వైపు తిప్పింది. కిటికీ నుంచి పిచ్చమ్మ వాళ్ళ గోడ వైపు. అక్కడి నుంచి కూలరు మీద పెట్టిన కవిత పెళ్ళి ఫొటో వైపు. ఆ తర్వాత వేలు నా మీదికి వచ్చి ఆగింది.

పొయ్యి, కాలువ, పిచ్చమ్మ, కవిత, నేను. తొమ్మిదేళ్ళు పళ్ళు కొరుక్కుంటూ విన్న దారి అది.

"ఆగు జీవన్, అవన్నీ తీసెయ్," అన్నాను. "అత్తమ్మ ప్రార్థన చెయ్యలే."

"పాస్టరయ్యగారు చేసిండు గద, నేను చేసిన గద."

"మీరు చేసిన్రు. ఆమె చెయ్యలే. పడిపోయిన దినం నుంచి ఆమె సంగతి ఆమె దేవునికి చెప్పనేలే. చెప్పకుండ అన్నం ఎట్ల తింటది?"

అత్తమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. "ఆమెన్," అంది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరికీ తట్టని సంగతి నాకే తట్టాలని రాసిపెట్టి ఉంది కాబోలు. నా మీదే ఫిర్యాదు, మళ్ళీ నా నోటితోనే పెట్టాలి. చేసేదేముంది. కొంగు తల మీదికి లాక్కున్నాను. అలవాటు కొద్దీ పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. పట్టె మీద దెబ్బ పడింది.

"సరే సరే," అని మళ్ళీ మొదలుపెట్టాను. "నాయనా ప్రభువా, నేను దేవమ్మను. నోరు పడిపోయింది, అందుకే మా కోడలి నోటితోటి మాట్లాడుతున్న. ఈ ఇంట్ల పొయ్యి మీద పొద్దుమాపు జావే ఉడుకుతుంది. కూర తాలింపు వాసన సూసి శానా దినాలాయె."

"ఆమెన్."

"కాల్వకు నీళ్ళొదిలిన్రంట. చిలుకూరుల నాట్లు పడ్డయో లేదో నాకు ఒక్కరు సెప్తలేరు. నేను సచ్చిపోయినట్టే సూస్తున్నరు."

"ఆమెన్."

"పిచ్చమ్మ మోకాలు వాచిందంట, దాన్ని జర సూడు. కవిత మొఖం గుంజుకపోయింది, అది నా మీద బెంగతోటి తింటలేదు, దాన్ని గూడ సూడు." పెద్ద ఊపిరి తీసుకున్నాను. "ఇగ మా కోడలు."

అత్తమ్మ కళ్ళు మూసుకునే మెడ కొంచెం ఎత్తింది.

"మా కోడలు జావల ఉప్పెయ్యదు ప్రభువా. డాక్టరమ్మ తక్కువెయ్యమన్నది, ఇది మొత్తానికే బంద్ చేసింది."

"ఆమెన్," అంది అత్తమ్మ, గది అదిరేలా.

"తల దువ్వితే బరబర గుంజుతది. ఒళ్ళు తుడిసేటప్పుడు తలుపు సగం తెరిసే ఉంచుతది, నాకు సిగ్గుండదనుకుంటది. మీదికెల్లి మొఖం మాడ్సుకుంటది. దానికి నువ్వే బుద్ధి నేర్పు."

"ఆమెన్," అన్నారు తల్లీకొడుకులిద్దరూ ఒకేసారి. నేను ఒక కన్ను తెరిచి ఆయన్ని చూశాను. ఈసారి ఆయన విన్నట్టే ఉంది, తల దించుకున్నాడు.

యేసు నామంలో ముగించి, స్పూను నోటి దగ్గర పెట్టాను. పెదాలు తెరుచుకోలేదు. నాకు ప్రాణం విసిగిపోయింది. ఇంకేం మిగిలింది? పట్టుచీర సంగతా అని అడిగాను, కాదంది. ఫోన్ ఎక్కువ చూస్తాననా, కాదు. పొద్దెక్కి లేస్తాననా, కాదు. నా తప్పులన్నీ నేనే ఏరి ఏరి ముందు పెడుతుంటే ఆవిడ ఒక్కొక్కదాన్నీ తోసేస్తోంది. చివరికి ఆ ఎడమ చెయ్యి మంచం మీద నుంచి మెల్లగా పాకి వచ్చి నా మోకాలి మీద తట్టింది.

ఇగ నువ్వు సెయ్.

"నా మొఖం, నాకేం రాదు," అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని కాచుకుంది. జావ చల్లారిపోతోంది, ఆయన లారీలు కాచుకుని ఉన్నాయి. నాలో ఏదో తెగింది.

"దేవుడా, నేను సుధను. నీతోటి మాట్లాడుడు నాకు రాదు. ఈమె తొమ్మిదేండ్లు నా మీద నీకు చాడీలు చెప్పింది. నువ్వు అన్నీ విన్నవ్. ఒక్కనాడన్న, నీ సంగతేంది సుధా అని నన్ను అడిగినవా?"

"ఆమెన్," అంది అత్తమ్మ.

నేను ఆగిపోయాను. మళ్ళీ నా మోకాలి మీద తట్టింది.

"నాకు నిద్ర లేదు. నడుము పడిపోయింది. ఆపిల్ పండ్లు పట్టుకొచ్చినోళ్ళందరు నాకు సలహాలు చెప్పి పోతున్నరు. నువ్వు తిన్నవా అని ఒక్కరడుగుతలేరు."

"ఆమెన్."

"ఈమె నన్ను ఎదురుంగ ఒక్క మాటంటే నేను గూడ ఒక్క మాటందును, అక్కడికే అయిపోతుండె. నిన్ను మధ్యల పెట్టి నా నోరు మూయించింది."

"ఆమెన్." మెల్లగా, కానీ స్పష్టంగా అంది.

"నాకు నీ మీద గూడ కోపమే. లోకంల ఇన్ని నోర్లుండంగ ఈమె నోరే కావల్సొచ్చిందా నీకు? విసుగొస్తే నాకు రావాలె, నీకెందుకొచ్చింది? సాయంత్రమైతే నా చెవులు అటే పోతున్నయ్. నా మీద ఏం చెప్తదో అని కూసుంట. ఏం వినబడదు. ఇంట్ల సప్పుడు లేక నాకు అన్నం సయిస్తలేదు. ఈమె మాట ఈమెకియ్యి. నా మీద చెప్పుకున్నా సరే, ఇయ్యి."

నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియలేదు. ఈసారి ఆమెన్ రాలేదు. కళ్ళు తుడుచుకుని చూస్తే, అత్తమ్మ నోరు తెరుచుకుని స్పూను కోసం చూస్తోంది.

జావ చల్లారిపోయింది. వెళ్ళి వేడి చేసుకొచ్చాను. ఒక చిటికెడు ఉప్పు కూడా వేశాను.

ఆ తర్వాత రోజూ అదే తంతు. ముందు ఆవిడ వేలు చూపిస్తుంది, నేను చెబుతాను. ఆ తర్వాత నా మోకాలి మీద తడుతుంది. మళ్ళీ గొట్టం అవసరం పడలేదు. ఇప్పుడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మాట ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చిన రెండో మాట "ఉప్పు".

మొన్న పొద్దున్న పొయ్యి మీద ఉప్మా సగంలో ఉండగా మంట ఆరిపోయింది. ఒక చేత్తో మూకుడు, ఒక చేత్తో గరిటె. మోకరించే తీరిక ఎక్కడిది. "ఏంది ప్రభువా ఇది, ఇప్పుడే అయిపోవాల్నా? బుక్ చెయ్యమని జీవన్‌కు మొన్ననే చెప్పిన. ఆయనకు ఒక్క మాట చెవికెక్కదు. నువ్వన్న చెప్పు ఆయనకు," అన్నాను.

గోడవతల నుంచి పిచ్చమ్మ గొంతు వినిపించింది. "గ్యాస్ అయిపోయిందా సుధా? మా ఇంట్ల ఒకటి నిండుదున్నది, తీస్కపో."

"నేను నీకు చెప్పిన్నా అక్కా? దేవునికి చెప్పుకున్న," అన్నాను.

లోపల గదిలోంచి, గది అదిరేలా వినిపించింది. "ఆమెన్."